హబ్బుకి నాలుగే తూములెందుకు?

లాప్‌టాపుకి యూఎస్‌బీ హబ్ కొనాలంటే ఇప్పుడు అందరూ చేసేది ఒకటే. ఆన్‌లైన్ అంగడి తెరవడం, చుక్కలు లెక్కబెట్టడం, ఎక్కువ పోర్టులున్నదాన్ని తక్కువ ధరకి ఎవరిస్తున్నారో చూసి కొనేయడం. నాలుగు పోర్టుల కంటే ఏడు మేలు, ఏడు కంటే పది మేలు. ఈ లెక్కన చెరువుకి ఎన్ని ఎక్కువ తూములు పెడితే అన్ని ఎక్కువ నీళ్లు పారాలి. అనంతపురం జిల్లాలో పుట్టినవాణ్ణి కాబట్టి ఈ లెక్క నాకెందుకో నమ్మబుద్ధి కాదు :)

ఏ కంపెనీ హబ్ కొనాలో ఈ టపాలో చెప్పబోవడం లేదు. హబ్ అనే వస్తువు ఎట్లా పుట్టింది, దాని మీద ఉండే అంకెలు యాడ్నుంచి వచ్చాయి, అవి మా కరువు సీమలో ఎవరెవరి బతుకుల్లోకి వచ్చి చేరాయి, ఇదీ కథ. కథ తెలిస్తే ఏది కొనాలో ఎవరికి వాళ్లకే తెలుస్తుంది.

ముందు యూఎస్‌బీ లేని కాలం చూద్దాం. 1990ల మొదట్లో కంప్యూటరుని తిప్పి వెనకవైపు చూస్తే ఒక్కో పరికరానికి ఒక్కో కన్నం. కీబోర్డుకీ, మౌసుకీ ఐబీఎం వాళ్లు 1987లో తెచ్చిన పీఎస్/2 గుండ్రటి కన్నాలు. మోడెంకి సీరియల్ పోర్టు. ప్రింటరుకి వెడల్పాటి పారలల్ పోర్టు. స్కానరు కొన్నారా, ఇంకా తంటా. పెట్టె విప్పి లోపల కార్డు బిగించాలి, సెట్టింగులు సర్దాలి, కంప్యూటరు ఆపి మళ్లీ వెయ్యాలి. ఒకదానికి పనికొచ్చే కన్నం ఇంకోదానికి పనికిరాదు. పైగా వీటిల్లో చాలావాటి గుండా పరికరం నడిచేంత కరెంటు రాదు. అందుకని ప్రతిదానికీ గోడకి తగిలించే అడాప్టరు ఒకటి వేరే.

ఈ గోల తీర్చడానికి 1990ల నడుమ ఏడు కంపెనీలు కలిసి కూర్చున్నాయి: కాంపాక్, డెక్, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్‌ఈసీ, నార్టెల్. 1996 జనవరిలో యూఎస్‌బీ 1.0 వచ్చింది. ఇంటెల్ తరఫున ఈ పనిలో ముఖ్యుడైన అజయ్ భట్ బరోడా మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయంలో చదివినాయన. మనవాడే అని మురిసిపోవడం ఎట్లాగూ ఉంటుంది. దానికంటే వాళ్లు అప్పుడు తీసుకున్న మూడు నిర్ణయాలు తెలుసుకోవడం మనకి ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే ఇప్పటికీ మన బల్ల మీద నడుస్తున్నది చాలావరకు ఆ నిర్ణయాలే.

మొదటిది, పెత్తనం ఒకరిదే. కంప్యూటరు యజమాని, మిగతావన్నీ పరికరాలు. యజమాని అడగందే ఏ పరికరమూ నోరు విప్పకూడదు. మీరు మౌసు కదిపితే మౌసు పరిగెత్తుకొచ్చి చెప్పదు. 'ఏమన్నా ఉందా?' అని కంప్యూటరు తన వంతు ప్రకారం అడిగినప్పుడే 'ఇదిగో, ఇంత కదిలాను' అంటుంది. మనకి ఆలస్యం తెలియనంత తరచుగా అడుగుతుంది, అంతే.

రెండోది, అల్లిక చెట్టులాగా ఉండాలి. కంప్యూటరు వేరు, హబ్బులు కొమ్మలు, పరికరాలు ఆకులు. హబ్బులో ఇంకో హబ్ గుచ్చుకోవచ్చు, అట్లా వరసగా అయిదు హబ్బుల దాకా. మొత్తం మీద 127 పరికరాలు, హబ్బులు కూడా ఆ లెక్కలోవే. ఈ 127 ఏంటంటే, ఒక్కో పరికరానికి 7 బిట్ల చిరునామా ఇచ్చారు. 7 బిట్లతో 128 చిరునామాలొస్తాయి, అందులో సున్నాని అప్పుడే గుచ్చిన కొత్త పరికరం కోసం అట్టిపెట్టారు.

మూడోది మన కథకి అసలైనది. సమాచారంతో పాటు కరెంటు కూడా ఆ తీగలోనే రావాలి. 5 వోల్టులు. అయితే ఎవరికి దొరికినంత వాళ్లు లాక్కోవడం కుదరదు, దానికో లెక్క పెట్టారు. 100 మిల్లీయాంపియర్లని ఒక యూనిట్ అన్నారు. కొత్తగా గుచ్చిన పరికరం ముందు ఒక యూనిట్‌కి మించి తీసుకోకూడదు. ఆ కాస్త కరెంటుతో లేచి, 'నేను ఫలానా, నాకింత కావాలి' అని కంప్యూటరుకి చెప్పుకోవాలి. కంప్యూటరు సరే అన్నాక, గరిష్ఠంగా 5 యూనిట్లు, అంటే 500 మిల్లీయాంపియర్లు తీసుకోవచ్చు.

ఇప్పుడు మధ్యలో హబ్ పెట్టండి. లాప్‌టాపు పోర్టు నుంచి వచ్చేది 500. హబ్ తన ఖర్చుకి ఒక యూనిట్, 100, తీసుకుంటుంది. మిగిలింది 400. తలా 100 చొప్పున పంచితే నలుగురికి. కంప్యూటరు ఇచ్చే కరెంటు మీదే బతికే హబ్బుకి నాలుగు పోర్టులు మించకూడదని రూలు పెట్టింది అందుకే. అంగట్లో నాలుగు పోర్టుల హబ్బులే ఎక్కువ కనబడటానికి మూలం ఈ చిన్న తీసివేత, భాగహారమే. చిప్పులు కూడా ఆ లెక్కకే తయారయ్యాయి. ఏడు పోర్టుల హబ్బుల్లో చాలావాటిని విప్పి చూస్తే లోపల నాలుగు పోర్టుల చిప్పులు రెండుంటాయి. మొదటిదాని పోర్టు ఒకటి రెండోదానికి పోతుంది, 3 + 4, మొత్తం ఏడు.

ఈ పద్ధతి మొదటిసారి చదివినప్పుడు నాకు నీరుగంటి గుర్తొచ్చాడు. తెలియనివాళ్లకి చెప్పాలంటే, మా వైపు చెరువు కింద సేద్యం ఉన్న ఊళ్లల్లో తూము తెరిచేదీ మూసేదీ, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూసేదీ నీరుగంటి. రైతు తనంతట తాను గట్టు తెగ్గొట్టి నీళ్లు మళ్లించుకోకూడదు. ఎంత భూస్వామి అయినా తన వంతు వచ్చిందాకా ఆగాలి. నీరుగంటికి పంట చేతికొచ్చినప్పుడు గింజలు కొలిచేవాళ్లు. చెరువు సగమే నిండిన ఏడు, ఎన్ని ఎకరాలకి తడి ఇవ్వగలరో ముందే కూర్చుని తేల్చుకునేవాళ్లు. అందరికీ కొంచెం కొంచెం ఇచ్చి అందరి పంటా ఎండబెట్టడం కంటే, ఇన్ని ఎకరాలే అని ముందే చెప్పడం మేలు. యూఎస్‌బీ కూడా అదే చేస్తుంది. 500 అడిగే పరికరాన్ని 100 మాత్రమే ఇవ్వగల హబ్బులో గుచ్చితే, 'ఈ హబ్బులో దీనికి సరిపడా కరెంటు లేదు' అని కంప్యూటరు దాన్ని నడపకుండా ఆపేయాలి. అరకొరగా నడిపించి తప్పుడు పని చేయించకూడదు.

మా సీమలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ. ఈ నేల మీద నీటి పంపకం ఇవాళ్టి సమస్య కాదు. 1388 నాటి శాసనం ఒకటుంది, ఇప్పటి కర్ణాటకలో గౌరీబిదనూరు ప్రాంతంలో దొరికింది. రెండో హరిహరరాయల కాలం. పెనుకొండలో ఉన్న యువరాజు ప్రతాప బుక్కరాయలు, హెన్నె నదిని, అంటే మన పెన్నని, పెనుకొండకి తీసుకురమ్మని జలసూత్రం తెలిసిన సింగయ భట్టుకి ఆజ్ఞ ఇచ్చాడు. సింగయ భట్టు కాలువ తవ్వించి సిరువేర చెరువుకి నీళ్లు చేర్చి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టాడు. ఆరొందల ఏళ్ల కిందటి ఇంజనీరు పేరు, ఆయన చేసిన పనితో సహా, రాతి మీద నిలిచి ఉంది. కోడు రాసుకుని బతికే మనలాంటివాళ్ల పేర్లు ఆరేళ్లు కూడా నిలబడవు, అది వేరే సంగతి :)

సింగయ భట్టు చేసినదాంట్లో మనకి కావాల్సింది ఒకటుంది. నీళ్లు చాలని చోట ఆయన్ని కొత్త తూము కొట్టమని అడగలేదు. నది నుంచి కొత్త నీళ్లు తెమ్మన్నారు. హబ్బుల్లో కూడా ఈ రెండు రకాలే ఉన్నాయి. ఒకటి కంప్యూటరు ఇచ్చిన 500నే పంచేది, దీన్ని బస్ పవర్డ్ అంటారు. రెండోది తన సొంత అడాప్టరుతో వేరే కరెంటు తెచ్చుకుని, ఒక్కో పోర్టుకి పూర్తిగా 500 ఇవ్వగలిగేది, దీన్ని సెల్ఫ్ పవర్డ్ అంటారు. డబ్బా మీద 'ఏడు పోర్టులు' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది గానీ అది ఈ రెండిట్లో ఏదో వెతుక్కుని చూడాలి. నా ఉద్దేశంలో హబ్ కొనేటప్పుడు చూడాల్సిన మొదటి విషయం ఇదే. వేగం దీని తర్వాతే.

ఇక్కడో మోసం కూడా ఉంది. తాను ఏ రకమో హబ్బే కంప్యూటరుకి చెప్పుకోవాలి. చవక హబ్బుల్లో చాలా, అడాప్టరు లేకపోయినా 'నేను సెల్ఫ్ పవర్డ్' అని చెప్తాయి. ఎందుకంటే నిజం చెప్తే కంప్యూటరు కొన్ని పరికరాల్ని ఒప్పుకోదు, కొన్నవాడు హబ్ పాడైందనుకుని తిరిగిచ్చేస్తాడు. అబద్ధం చెప్తే అన్నీ వెలుగుతాయి. అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. అందరూ ఒకేసారి లాగినప్పుడు వోల్టేజి జారుతుంది. లెక్క ప్రకారం సరైన పోర్టు దగ్గర కనీసం 4.75 వోల్టులుండాలి. బస్ పవర్డ్ హబ్బు అవతల 4.40 దాకా పడిపోవచ్చని ప్రమాణంలోనే రాసుకున్నారు, 100 మిల్లీయాంపియర్లు వాడే చిన్న పరికరాలు అంత తక్కువలోనూ నడవాలి కాబట్టి. 500 వాడే పెద్ద పరికరం ఆ చివర్న ఉంటే ఒక్క క్షణం కళ్లు తేలేసి మాయమై, మళ్లీ కనబడుతుంది. నీరుగంటిని మాయచేసి గట్టుకి గండి కొడితే చివరి మడికి జరిగేది ఇదే.

మళ్లీ కాలం వరసలోకి వద్దాం. 1998 ఏప్రిల్‌లో చికాగోలో కామ్‌డెక్స్ ప్రదర్శనలో విండోస్ 98 చూపిస్తున్నారు. బిల్ గేట్స్ పక్కనుండగానే, వేదిక మీద స్కానరు యూఎస్‌బీ తీగ గుచ్చగానే తెర మొత్తం నీలంగా మారి కంప్యూటరు చచ్చిపోయింది. అదే ఏడు ఆగస్టులో ఆపిల్ వాళ్లు ఐమాక్ వదిలారు, పాత కన్నాలన్నీ పీకేసి యూఎస్‌బీ ఉంచారు. దాని కీబోర్డే ఒక చిన్న హబ్, మౌసు కీబోర్డులో గుచ్చుకోవడమే. పాత కన్నం లేకపోతే కంపెనీలు కొత్తదానికి పరికరాలు చెయ్యక ఏం చేస్తాయి? 2000 ఏప్రిల్‌లో యూఎస్‌బీ 2.0 వచ్చింది. 12 మెగాబిట్ల నుంచి ఒక్క దూకున 480కి. కెమెరాలు, స్కానర్లు హాయిగా నడవడానికి దారి అప్పుడు పడింది.

ఆ 2.0 హబ్బులో ఇంకో పని చేరింది. పాత 12 మెగాబిట్ల పరికరం మాట్లాడినంతసేపూ 480 దారిని ఆపుకుని కూర్చోకుండా, నెమ్మదివాడి మాటని హబ్బే విని, దాచి, వేగంగా పైకి చేరవేస్తుంది. మొత్తం హబ్బుకి ఇట్లాంటి దుబాసీ ఒక్కడే ఉండొచ్చు, పోర్టుకొకడు ఉండొచ్చు. ఒక్కడే ఉంటే నెమ్మది పరికరాలన్నీ ఆ 12నే పంచుకోవాలి. కరెంటులాగే ఇది కూడా డబ్బా మీద ఎవరూ రాయరు.

అమెరికాలో మౌసుల కోసం, స్కానర్ల కోసం పుట్టిన ఈ లెక్క మా జిల్లాకి వేలిముద్రల రూపంలో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని దేశానికంతటికీ మొదలుపెట్టింది మా జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చారు. పని చూపించడం ఒక ఎత్తయితే, కూలి డబ్బులు సరైన మనిషి చేతికి చేర్చడం ఇంకో ఎత్తు. దానికని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చారు. మురళీధరన్, నీహాస్, సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లో దీన్ని పరిశీలించి 2016లో పరిశోధన ప్రచురించారు. ఆ 8 జిల్లాల్లో అనంతపురం ఒకటి. కూలి తొందరగా అందిందనీ, మధ్యలో కారిపోయే డబ్బు తగ్గిందనీ తేల్చారు. ఆ ఏర్పాటులో ఊళ్లో డబ్బులిచ్చే మనిషి దగ్గరుండేది చేతిలో పట్టే ఒకే మిషను. కార్డు, వేలిముద్ర, చీటీ అన్నీ దాంట్లోనే. బయట గుచ్చాల్సిన తీగ లేదు, హబ్ అవసరమూ లేదు.

ఆధార్‌తో కథ మారింది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలో తెంభ్లీ అనే ఊళ్లో మొదటి కార్డులిచ్చారు. తర్వాత ఊరూరా నమోదు శిబిరాలు. శిబిరం అంటే ఒక లాప్‌టాపు, దానికి పది వేళ్ల స్కానరు (నాలుగు, నాలుగు, రెండు బొటనవేళ్లు), రెండు కళ్ల ఐరిస్ కెమెరా, ఫోటో కెమెరా, ప్రింటరు, మౌసు. వచ్చినాయన తన వివరాలు తానే చదువుకోవడానికి రెండో తెర కూడా. నమోదు కేంద్రాల్లో ఏమేం ఉండాలో ఆధార్ సంస్థ ఇచ్చిన జాబితాలో లాప్‌టాపుకి కనీసం 5 యూఎస్‌బీ 2.0 పోర్టులు, యూఎస్‌బీ హబ్, కరెంటుకి ఎక్స్‌టెన్షన్ బాక్సు, జనరేటరు కూడా ఉన్నాయి. అప్పటి మామూలు లాప్‌టాపులకి మూడో నాలుగో పోర్టులు. అంటే దేశంలో కోట్లమంది వేలిముద్రలు, కనుపాపలు కంప్యూటరులోకి చేరే దారిలో ఎక్కడో ఒకచోట హబ్ ఉందన్నమాట. దాని చరిత్ర ఎవరూ రాయలేదు గానీ, నా దృష్టిలో మన దేశంలో యూఎస్‌బీ హబ్ చేసిన అన్నిటికంటే పెద్ద పని అదే.

మా పెదనాన్న కొడుకు 2012లో అట్లాంటి శిబిరాల్లో ఆపరేటరుగా చేశాడు. నేనప్పుడు బడిలో ఉన్నాను. ఆ ఏళ్లల్లో రాష్ట్రంలో కరెంటు కోతలు ఎట్లుండేవో గుర్తున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక ఏజెన్సీ వాళ్లకి కిట్లు ఇచ్చింది. హబ్బుకి అడాప్టరు ఉంది, కాబట్టి పుస్తకం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది. 'పుస్తకం సరిగానే ఉండేదప్పా, కరెంటే సరిగా ఉండేది కాదు' అంటాడు. కరెంటు పోగానే ఏమవుతుందో చూడండి. లాప్‌టాపుకి బ్యాటరీ ఉంది, అది బతికే ఉంటుంది. హబ్బు అడాప్టరు చచ్చింది. ఆ క్షణంలో హబ్ సెల్ఫ్ పవర్డ్ నుంచి బస్ పవర్డ్‌కి మారుతుంది. అప్పటిదాకా పోర్టుకి 500 ఇస్తున్నది ఇప్పుడు 100 మించి ఇవ్వలేదు. లోపల లైట్లు వెలిగించుకోవాల్సిన వేళ్ల స్కానరు, ఐరిస్ కెమెరా రెండూ ఒకేసారి పడిపోతాయి. జనరేటరు వేసేలోగా, సగం వేళ్లు ఇచ్చిన మనిషి లేచి మళ్లీ మొదటి నుంచి.

'సొంత అడాప్టరున్న హబ్బే కొనండి' అనే సలహా ప్రపంచమంతా చెప్తుంది. ఆ సలహా మంచిదే, అయితే గోడలో కరెంటు ఎప్పుడూ ఉండే ఊళ్లల్లో పుట్టిన సలహా. కాలువ తవ్విస్తే చాలదు, ఆ కాలువకి నీళ్లొచ్చే నది ఎప్పుడు ఎండుతుందో కూడా చూసుకోవాలి. మా వైపు ఆ సలహాకి ఒక తోక తగిలించాలి: లాప్‌టాపు బ్యాటరీ ఎంతసేపు ఉంటుందో హబ్బు అడాప్టరు కూడా అంతసేపు బతికేట్టు చూసుకోండి. అంటే దాన్ని ఇన్వర్టరు మీదో, యూపీఎస్ మీదో పెట్టండి.

ఇంకో మలుపు 2001 నాటిది. కంప్యూటరు లేకుండా ఫోనే యజమాని కాగలిగేట్టు యూఎస్‌బీకి ఓటీజీ అనే చేర్పు ఆ ఏడు వచ్చింది. దాని విలువ మన రాష్ట్రంలో పల్లెలకి తెలిసింది చాలా తర్వాత. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్లు వచ్చారు, 2020 ఫిబ్రవరి నుంచి ఇంటింటికీ పింఛన్లు పంచారు, 2024 ఎన్నికల దాకా. వాళ్ల చేతుల్లో ఉన్నది ఫోను, దానికి తీగతో తగిలించిన వేలిముద్ర మిషను. ఒక యజమాని, ఒక పరికరం, మధ్యలో ఎవరూ లేరు. పంచుకోవాల్సిన అవసరమే లేకపోతే తగాదా కూడా లేదు.

మా అన్న ఇప్పుడు గుంతకల్లులో నెట్ సెంటర్ నడుపుతున్నాడు. గుంతకల్లు రైల్వే డివిజన్ ఊరు, కాబట్టి రిటైరైన రైల్వేవాళ్లు, వాళ్లు పోతే పింఛను తీసుకునే భార్యలు ఎక్కువ. నవంబరు వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ల కోసం వరస కడతారు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పటి నుంచి ఇది వేలిముద్రతో అయిపోతుంది, అయితే. ఆ 'అయితే' దగ్గరే కథంతా ఉంది. ఒక అవ్వ వచ్చి ఒక్కో వేలూ పెట్టి చూసింది, పడలేదు. ఆమె అప్పటికే ఇంకో సెంటర్లో రెండు రోజులు తిరిగి వచ్చిందంట. 'వేళ్లు అరిగిపోయినాయి అవ్వా, బ్యాంకుకి పో' అన్నారంట అక్కడ. మనిషి బతికే ఉందని మిషను ఒప్పుకోకపోతే పింఛను ఆగిపోతుంది.

అన్న సెంటర్లో కూడా ఏడు పోర్టుల హబ్. అడాప్టరు లేదు. దాంట్లో కీబోర్డు, మౌసు, వెబ్ కెమెరా, ప్రింటరు, పెన్ డ్రైవ్, వేలిముద్ర మిషను, ఏడోదాంట్లో ఎవరిదో ఫోను ఛార్జింగు. 'ఏం చెయ్యమంటావురా?' అని ఫోన్ చేశాడు. 'అన్నా, వేలిముద్ర తీగ హబ్ నుంచి పీకి నేరుగా లాప్‌టాపులో గుచ్చు, ఆ ఫోను పీకెయ్' అన్నాను. రెండోసారికి పడింది.

ప్రతిసారీ ఇట్లాగే జరుగుతుందని నేను అనను. మట్టి పని, బట్టలుతుకుడు చేసిన చేతుల్లో గీతలు నిజంగానే అరుగుతాయి. అయితే ఇవి రెండు వేర్వేరు రోగాలు, లక్షణాలు కూడా వేరు. వేలు అరిగితే మిషను వెలుగుతూనే ఉంటుంది, బొమ్మ తీసుకుంటుంది, 'నాణ్యత చాలదు' అంటుంది. కరెంటు చాలకపోతే మిషనే మాయమవుతుంది: లైటు ఆరి వెలుగుతుంది, కంప్యూటరు టుంగుమని రెండుసార్లు మోగుతుంది, 'డివైస్ దొరకలేదు' అంటుంది. మొదటిదానికి వేరే వేలో, కనుపాపో, ముఖమో చూడాలి. రెండోదానికి తీగ మార్చాలి. ఈ తేడా చూడకుండా తప్పంతా ముసలివాళ్ల వేళ్ల మీదికి తోసేస్తున్నాం.

ఆ తర్వాత అన్న కొత్త హబ్ కొంటానంటే ఇద్దరం కూర్చుని లెక్కేశాం. మీకూ పనికొస్తుంది కాబట్టి రాస్తున్నా.

ముందు ఏ పరికరం ఎంత అడుగుతుందో చూడాలి. లినక్స్ అయితే ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశానికి మైనస్ వీ చేరిస్తే ఒక్కో పరికరం మ్యాక్స్‌పవర్ కనబడుతుంది. కీబోర్డు, మౌసు 100 లోపే. ప్రింటరుకి గోడ కరెంటు వేరే ఉంటుంది, పోర్టులో దాదాపు ఏమీ తీసుకోదు. ఎక్కువ లాగేవి స్కానర్లు, కెమెరాలు, బయటి హార్డ్ డిస్కులు, ఫోన్లు. వరి మడి తూము పక్కన, ఆరుతడి పంట దూరంగా అన్నట్టు, ఎక్కువ తాగేవాటిని నేరుగా లాప్‌టాపు పోర్టుల్లో పెట్టి, తక్కువ తాగేవాటిని హబ్బుకి తోసేయాలి. చాలామందికి ఈ సర్దుబాటుతోనే పనైపోతుంది, కొత్త హబ్బే అక్కర్లేదు.

అప్పటికీ చాలకపోతే సొంత అడాప్టరున్న హబ్. అడాప్టరు మీద అంకె చూడాలి. నాలుగు పోర్టులకి తలా 500 అంటే 5 వోల్టుల దగ్గర 2 యాంపియర్లు కావాలి, ఏడు పోర్టులకి మూడున్నర. ఏడు పోర్టుల హబ్బుకి 1 యాంపియర్ అడాప్టరు ఇచ్చి అమ్మేవాళ్లున్నారు, అది పేరుకి కాలువ, నీళ్లు సగం కూడా రావు. అడాప్టరు మీద బీఐఎస్ నమోదు గుర్తు ఉందో లేదో చూడండి. హబ్ తీగ పొట్టిగా ఉంటే మంచిది, పొడుగైనకొద్దీ వోల్టేజి దారిలోనే ఆవిరైపోతుంది. ఒక పోర్టులో షార్ట్ అయితే అది ఒక్కటే ఆగేట్టు పోర్టుకొక రక్షణ ఉన్నది దొరికితే ఇంకా మేలు. లేకపోతే ఒకడి తప్పుకి అందరికీ కోత.

తర్వాత వచ్చిన ప్రమాణాలు ఈ లెక్కని పెంచాయి గానీ, లెక్క లేకుండా చెయ్యలేదు. 2008 నవంబరులో వచ్చిన యూఎస్‌బీ 3.0 పోర్టుకి 900 మిల్లీయాంపియర్లు, 5 గిగాబిట్లు ఇస్తుంది. దాంట్లోనూ చిక్కుంది. 3.0 తీగల సందడి 2.4 గిగాహెర్ట్జ్ రేడియోకి అడ్డం వస్తుందని ఇంటెల్ వాళ్లే 2012లో చెప్పారు. వైర్‌లెస్ మౌసు ముక్కని 3.0 హబ్బులో గుచ్చితే మౌసు తడబడటానికి ఇది ఒక కారణం. 2014లో టైప్-సీ వచ్చింది. కన్నం ఒకటే అయింది గానీ దాని వెనకున్నది ఒకటి కాదు. ఒక లాప్‌టాపులో అది తెరకి బొమ్మ పంపుతుంది, ఇంకోదాంట్లో ఛార్జింగే, వేరేదాంట్లో లోపల పాత 2.0నే. హబ్ కొనే ముందు మీ లాప్‌టాపు పుస్తకం తెరిచి ఆ పోర్టు ఏం చేయగలదో చూడండి.

ఇప్పటి టైప్-సీ హబ్బులు ఛార్జరుని తమలో గుచ్చించుకుని లాప్‌టాపుకి అందిస్తాయి. 65 వాట్ల ఛార్జరు పెడితే 65 మొత్తం లాప్‌టాపుకి పోదు, హబ్ తన వాటా ముందు పక్కన పెట్టుకుంటుంది. 1996లో 500లోంచి 100 తీసుకున్న అలవాటే ఇది :) కరెంటు పోయినప్పుడు ఛార్జరు చచ్చి, ఇప్పటిదాకా పుచ్చుకున్న లాప్‌టాపు ఒక్కసారిగా ఇచ్చేదిగా మారాలి. ఆ మార్పులో పరికరాలు పడిపోకుండా ఫాస్ట్ రోల్ స్వాప్ అనే పద్ధతి ప్రమాణంలో ఉంది, కానీ అన్ని హబ్బులూ, అన్ని లాప్‌టాపులూ దాన్ని పాటించవు. కొన్నరోజే పరీక్ష చెయ్యండి: పెన్ డ్రైవులోకి పెద్ద ఫైలు కాపీ పెట్టి, ఛార్జరు స్విచ్ ఆపండి. కాపీ ఆగకపోతే హబ్ ఉంచుకోండి, ఆగితే తిరిగిచ్చేయండి.

మా అన్న చివరికి కొన్నది అడాప్టరున్న నాలుగు పోర్టుల హబ్. ఏడు పోర్టులది కూడా కొనగలిగేవాడే. వేలిముద్ర మిషను, కెమెరా లాప్‌టాపులోనే ఉన్నాయి. హబ్బు అడాప్టరు ఇన్వర్టరు లైను మీద ఉంది. ఫోను ఛార్జింగు అడిగితే గోడకున్న ప్లగ్గు చూపిస్తున్నాడు. మీ వీధిలో నెట్ సెంటర్ ఉంటే, అక్కడ ఎవరినైనా వేళ్లు అరిగాయని వెనక్కి పంపుతుంటే, ఒక్కసారి వంగి ఆ తీగ ఎక్కడ గుచ్చి ఉందో చూడండి.